ఇసుకలో అక్షరములు

(ధ్యానమునకు చదువుడి: ఆదికాండము 33:12–14, కొలొస్సయులకు 3:21)



ఆర్మూరు ప్రాంతమున పసుపు త్రవ్వు దినములు ఎట్టివో మీలో అనేకులకు చెప్పనక్కరలేదు. తొలకరికి నాటిన విత్తనపు దుంప ఎనిమిది తొమ్మిది నెలలు మట్టిలోనే మరుగైయుండును. సంక్రాంతి దాటి, ఆకు పండి వాలిన తరువాత త్రవ్వకము మొదలగును. కొమ్ములను మండలను వేరుచేయుట, ఉడకబెట్టుట, కళ్ళములో ఆరబోయుట, మెరుగుపెట్టుట, సంచులకెత్తి మార్కెట్టుకు తోలుట, ఇట్లు ఇంటిల్లిపాదికిని చేతినిండ పని యుండును. ఆ రెండు మూడు నెలలు పదియేండ్ల బిడ్డయు ఒక పనివాడే.

సరిగా ఆ నెలలలోనే బడిలో ఏడాది పాఠములు ముగింపునకు వచ్చును. వాటి వెంటనే పరీక్షలు. పది దినములు చేనిలో గడిపి బడికి వెళ్లిన పిల్లవానికి నల్లబల్లమీది లెక్క తలకెక్కదు. పంతులుగారు లేపి అడుగుదురు. వాడు తల వంచుకొని నిలువబడును. ప్రక్కవారు నవ్వుదురు. మరునాడు కడుపునొప్పి యని చెప్పి ఇంటనే పండుకొనును. మూడవనాడు తండ్రి విసిగి, “వీనికి చదువు రాదు, పనికైన రానీ” అనును. ఆ మాట తండ్రి నోట వెలువడుటకు క్షణము పట్టదు గాని, ఆ బిడ్డ దానిని బ్రతుకంతయు మోయును.

ఈ నెల ఆ మాటను గూర్చియే మీతో ముచ్చటింప గోరుచున్నాను. చదువులో వెనుకబడిన బిడ్డను మనము “మొద్దు” అని పిలుతుము. ఒక్కసారి ఆ పేరు పెట్టితిమా, వాడు ఎందుకు వెనుకబడెనో అడుగుటయే మానుదుము. మన తెలుగు బడుల పాత చరిత్రను తిరిగి చూచినయెడల, బిడ్డకును పాఠమునకును నడుమ ఏ గోడలు లేచునో, వాటిని దాటించుటకు సామాన్యులు ఏమి చేయగలరో మనకు తేటపడగలదు.

బళ్ళారి కలెక్టరు ఉత్తరము

1822వ సంవత్సరమున మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో, తన ఏలుబడిలోని జిల్లాలలో బడులెన్ని, చదువుకొను పిల్లలెందరు అని కలెక్టరులను అడిగెను. మరుసటియేడు ఆగష్టులో బళ్ళారి కలెక్టరైన ఎ. డి. క్యాంబెల్ దొర వివరముగా జవాబు వ్రాసెను. ఈయన 1816లోనే తెలుగు భాషకు వ్యాకరణము ప్రకటించిన పండితుడు. బళ్ళారి నేడు కర్ణాటకలో నున్నది గాని, ఆ దినములలో అనంతపురము సీమ కూడ ఆ జిల్లాలోనిదే. జిల్లాలో మొత్తము 533 బడులు. వాటిలో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235, తక్కినవి ఇతర భాషలవి. చదువుకొను పిల్లలు 6,641 మంది. వారిలో హిందూ బాలికలు 60 మంది మాత్రమే. తొమ్మిది లక్షలకు పైబడిన జనములో వెయ్యిమందికి సుమారు ఏడుగురు బడిలో నుండిరన్నమాట.

ఆర్మూరు అప్పుడు నిజాము రాజ్యములోనిది గనుక ఆ లెక్కలో రాలేదు. అయినను వీధిబడి అనగా ఎట్టిదో మన ప్రాంతపు పెద్దలును ఎరుగుదురు. ఆ ఉత్తరములో క్యాంబెల్ వ్రాసిన సంగతులు చదివినప్పుడు, అవి రెండు వందల యేండ్ల నాటివని తోచదు. మన వీధిలోనివే యని తోచును.

అందులో కనబడు మొదటి గోడ భయము. ఉదయము బడికి మొట్టమొదట వచ్చిన బిడ్డ అరచేతిమీద గౌరవమునకు గుర్తుగా సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేతిమీద సున్న. అనగా వానికి పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు. మూడవవానికి ఒక చిన్న దెబ్బ. నాలుగవవానికి రెండు. ఆపైన వచ్చిన ప్రతివానికిని ఒక్కొక్క దెబ్బ ఎక్కువ. సోమరియని తోచినవానిని చేతులు రెండును కట్టి ఇంటికప్పునుండి వ్రేలాడదీయుటయు, ఎడతెగక గుంజిళ్లు తీయించుటయు కలదు. మన పెద్దలు కోదండము వేయుట అని చెప్పుకొనునది ఆ వ్రేలాడదీయుటయే.

ఆ వరుసలో కడపట వచ్చిన బిడ్డ యెవరో ఆలోచించుడి. దూరమునుండి నడిచివచ్చినవాడు, పసులకు మేతవేసి వచ్చినవాడు, తల్లి పనికి వెళ్లగా చెల్లెలిని ఎత్తుకొని కూర్చున్నవాడు. పంతులు దెబ్బలను లెక్కపెట్టెను గాని ఆలస్యమునకు కారణమును లెక్కలోనికి తీసికొనలేదు. నాలుగు దినములు పది పది దెబ్బలు తిన్న బిడ్డ అయిదవనాడు బడికి ఏల వచ్చును?

రెండవ గోడ అర్థము కాని మాట. పిల్లలు వల్లించు పద్యములు ఇండ్లలో మాటలాడుకొను భాషకు చాల దూరమైన భాషలో నుండెను. ఎన్నో పద్యములు తడుముకొనక అప్పజెప్పగలరు గాని, చిలుకకు తాను పలుకు మాట ఎంత తెలియునో వీరికి ఆ పద్యముల భావము అంతే తెలియునని క్యాంబెల్ విచారపడెను.

మూడవ గోడ పేదరికము. సీమనుండి మిల్లుబట్టలు దిగుటచేత ఇక్కడి నేతవారి బ్రతుకులు క్షీణించెనని, మధ్యతరగతివారును బీదలును పిల్లల చదువుకు సొమ్ము పెట్టలేకున్నారని, లేత చేతులు ఏ కొంచెము పనికైనను అక్కరకు రాగానే బిడ్డలను పనిలో పెట్టుకొనక తప్పుట లేదని ఆయన వ్రాసెను. ఇప్పటి మన పసుపు కళ్ళమును, తల్లి బీడీలు చుట్టుచుండగా ప్రక్కన కూర్చుండి తునికాకు కత్తిరించు బిడ్డను తలచుకొనుడి.

ఈ మూడు గోడలకంటె ముందే మరియొక గోడ గలదు. మాల మాదిగ పల్లెలనుండి ప్రభువునొద్దకు వచ్చిన మన తాతముత్తాతలకు ఆ అరుగుమీద చోటు దొరకుట అరుదు. వెనుకబడుటకైనను ముందు బడిలో కాలుపెట్టవలెను గదా! తరువాతి కాలమున మిషను పంతులు పల్లెలోనికి వచ్చి, చెట్టుక్రిందను గుడిసెలోను అక్షరములు నేర్పెను. పగలు జీతమున్న పిల్లలకొరకు రాత్రి లాంతరు వెలిగించి బడి పెట్టెను. మనలో చాలమంది కుటుంబములు ఆ లాంతరు వెలుగుననే మొదటి అక్షరము చూచినవి. అట్టి సంఘము నేడు ఒక బిడ్డను “మొద్దు” అని విడిచిపెట్టుట ఎట్లు తగును?

ఎనిమిదేండ్ల ఉపాధ్యాయుడు

క్యాంబెల్ దొర ఆ బడులలో తప్పులే చూడలేదు. ఆయన మిక్కిలి మెచ్చుకొన్న సంగతి ఒకటి కలదు. పిల్లలు నేలమీద పరచిన ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్దుదురు; కాగితము ఖర్చు లేదు. తప్పు వ్రాసినను బెంగ లేదు. అరచేతితో తుడిచివేసి తిరిగి వ్రాయవచ్చును. పై తరగతులవారు పంతులునొద్ద నేర్చుకొని, క్రింది పిల్లలకు నేర్పుదురు. నేర్చువారికి సహాయము, నేర్పువారికి చదివినది గట్టిపడును. ఈ పద్ధతిని ఇంగ్లండు అనుసరించుట తగినదే యని ఆయన వ్రాసెను.

ఇంగ్లండు దీనిని అనుసరించుటకు కారకుడు ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు గురువు. 1789లో ఆయన మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర శాలకు పర్యవేక్షకుడాయెను. అచ్చటి పిల్లలు అనేకులు తెల్ల సైనికులకు ఈ దేశపు స్త్రీలయందు పుట్టినవారు. వారు మందబుద్ధులు, మొండివారు అని చూచినవారి అభిప్రాయము. ఒకనాడు బెల్ గుఱ్ఱముమీద పోవుచు ఒక నాటు బడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచెను. వెంటనే తన శాలలోని అడుగు తరగతికి అట్లే నేర్పుమని ఆజ్ఞాపించెను. ఆ తరగతి ఉపాధ్యాయుడు అది అసాధ్యమనెను.

అప్పుడు బెల్ ఆ పనిని జానీ ఫ్రిస్కిన్ అను ఎనిమిదేండ్ల బాలునికి అప్పగించెను. వాడొక సామాన్య సిపాయి కొడుకు. ఆ శాలలోనే అక్షరములు నేర్చినవాడు. పెద్దవారు అసాధ్యమన్న పనిని ఆ చిన్నవాడు చేసి చూపెను. ఇసుకముందు కూర్చున్న చిన్నపిల్లలు అక్షరములు నేర్చుకొనిరి. అటుపిమ్మట బెల్ ప్రతి తరగతిలోను పిల్లలను జతలుగా కూర్చుండబెట్టెను: బాగుగా నేర్చినవాడొకడు, వాని ప్రక్కన వెనుకబడినవాడొకడు. 1797లో ఆయన ఈ సంగతులను లండనులో అచ్చువేయించెను. అది మద్రాసు పద్ధతి అని పేరుపొంది దేశదేశములకు వ్యాపించెను. మన దేశపు అరుగుమీది ఇసుక అట్లు సముద్రము దాటెను.

ఆ చిన్నవాడు ఎట్లు నేర్పగలిగెను? నాకు తోచునది ఇది. వాడు ఆ కష్టమును మొన్ననే దాటినవాడు. ఏ అక్షరమునొద్ద వ్రేలు ఆగునో, ఏ వంపు తప్పునో వానికి జ్ఞాపకమున్నది. పెద్దలమైన మనము మన తొలి కష్టములను మరచితిమి, కనుకనే “ఇంత సులభమైనది రాదా?” అని గద్దింతుము. మన ప్రధానయాజకుడు మన బలహీనతలు ఎరుగనివాడు కాడని హెబ్రీ పత్రిక 4వ అధ్యాయము బోధించుచున్నది గదా. పరలోక మహిమ గలవాడు మన ప్రక్కకు దిగివచ్చి మన శోధనలను తాను అనుభవించెను. ప్రక్కన కూర్చుండి నేర్పుట అను పని మొదట ఆయనదే.

ఇచ్చట ఒక హెచ్చరికయు కలదు. అదే కాలమున, 1798లో, జోసెఫ్ లాంకస్టర్ అను ఆయన లండనులో ఇట్టి బడియే పెట్టెను. పిల్లలచేత పిల్లలకు నేర్పించుచు ఒక్క ఉపాధ్యాయుడు వందలమందిని నడిపెను. బెత్తముతో కొట్టుట ఆయనకు ఇష్టము లేదు. అయితే తప్పుచేసిన బాలుని బుట్టలో కూర్చుండబెట్టి కప్పునకు వ్రేలాడదీసి అందరు చూచి నవ్వునట్లు చేయు శిక్ష ఆ పద్ధతిలో నుండెను. అది మన కోదండమునకు చుట్టమే గదా! దెబ్బ మానినంతమాత్రమున ప్రేమ వచ్చినదని చెప్పలేము. నవ్వులపాలు చేయుట చర్మమును తాకదు గాని మనస్సును చీల్చును. నేటి తల్లిదండ్రులు అనేకులు, “మేము కొట్టము” అందురు. అయినను “ప్రక్కింటివానికి ఎన్ని మార్కులో చూడు” అని చుట్టముల యెదుట అందురు. పిల్లల మనస్సు క్రుంగునట్లు వారిని విసిగింపవద్దని పౌలు కొలొస్సయి తండ్రులకు వ్రాసినప్పుడు బెత్తమును మాత్రమే తలంచెనని నేననుకొనను.

ఇంటి మాట, బడి మాట

రెండవ గోడను గూర్చి మన జాతిలో గొప్ప ప్రయాసపడినవాడు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు (1863–1940). ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, చుట్టుపట్ల కొండలలోని సవరల బిడ్డలకు తెలుగుగాని ఒరియాగాని ఇంటి భాష కాదని గ్రహించెను. గ్రహించి ఊరకుండలేదు, తానే సవర భాష నేర్చుకొనెను. ఆ భాషలో పుస్తకములు సిద్ధపరచి, తన సొంత ఖర్చుతో వారికి బడులు పెట్టెను. బిడ్డలు పంతులు భాషలోనికి ఎక్కి రాలేనప్పుడు, పంతులే బిడ్డల భాషలోనికి దిగెను. తరువాత తెలుగు బిడ్డల పాఠములును వాడుకభాషలో నుండవలెనని ఆయన జీవితాంతము పోరాడెను. ఆయన పుట్టినదినమైన ఆగష్టు 29ని తెలుగు భాషాదినముగా జరుపుకొనుటకు కారణము ఇదే.

మన ఆర్మూరు ప్రాంతపు పెద్దలు ఈ గోడను మరియొక రూపమున ఎరుగుదురు. నిజాము ఏలుబడిలో కచేరి భాష ఉర్దూ; పై చదువు ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున కూడ ఉర్దూలోనే బోధన. ఇంట తెలుగు పలికిన బిడ్డ బడిలో పాఠము నేర్చుటకు ముందు భాష నేర్వవలసి వచ్చెను. 1928లో మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదులో బాలికలకు తెలుగులో బోధించు పాఠశాలను స్థాపించుటయు, 1930లో జోగిపేటలో మొదలై 1937లో మన నిజామాబాదులోను సమావేశమైన ఆంధ్రమహాసభ బిడ్డలకు మాతృభాషలో చదువు కావలెనని కోరుటయు ఈ బాధనుండి పుట్టినవే. 1948 తరువాత ఆ గోడ కూలెను.

కూలినచోట వేరొక గోడ లేచినది. నేడు ఇంగ్లీషు బడి బస్సు ప్రతి ఊరికి వచ్చును. 2022–23నుండి తెలంగాణ ప్రభుత్వ బడులలోను ఒకటినుండి ఎనిమిదవ తరగతివరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టిరి. బిడ్డ బాగుపడవలెనని తల్లిదండ్రులు కోరుట తప్పు కాదు. అయితే ఇంగ్లీషులో జవాబు చెప్పలేని బిడ్డకు లెక్క రాదని అనుకొనుట తప్పు. ఆ లెక్కనే తెలుగులో అడిగి చూడుడి: “నాలుగు సంచులలో పసుపున్నది, సంచికి యాభై కిలోలైన మొత్తమెంత?” మార్కెట్టులో తండ్రి వెంట తిరిగిన బిడ్డ కన్నుమూసి తెరచులోగా చెప్పును. లోపము వాని తెలివిలో లేదు, అడిగిన భాషలో నున్నది. మరియు తండాలనుండి వచ్చు లంబాడీ బిడ్డకు మన తెలుగే పరాయి భాష. మనకు జరిగిన బాధను మనము ఆ బిడ్డకు చేయకుందుము గాక.

పని విడిచి వచ్చిన బిడ్డలు

మూడవ గోడ దాటరానిదని చాలకాలము అందరును తలంచిరి. బీదవాని బిడ్డ పని చేయక తప్పదనిరి. హైదరాబాదులో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషను అను సంస్థ, ఆచార్య శాంతా సిన్హాగారి నాయకత్వమున, 1991లో రంగారెడ్డి జిల్లా గ్రామములలో పని ఆరంభించెను. జీతములనుండి విడిపించిన బిడ్డలను శిబిరములలో చేర్చి, కొన్ని నెలలు ప్రత్యేకముగా నేర్పి, వయస్సుకు తగిన తరగతిలో చేర్పించిరి. పదిపన్నెండేండ్ల బిడ్డను ఆరేండ్లవారి నడుమ ఒకటవ తరగతిలో కూర్చుండబెట్టిన సిగ్గుతో పారిపోవునని వారు ఎరుగుదురు. కనుక నడుమ వంతెన వేసిరి. వేలకొలది బిడ్డలు ఆ వంతెన దాటిరి. 2003లో శాంతా సిన్హాగారికి రామన్ మెగసెసే బహుమానము లభించెను. వారు చూపినది ఇది: బీద తల్లిదండ్రులు చదువును రోసినవారు కారు, బడి తమ బిడ్డను నిలుపుకొనునని నమ్మకము కుదిరినయెడల, కష్టమైనను పంపుదురు.

2010 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టములో, క్యాంబెల్ చూచిన మూడు గోడలకును జవాబు వ్రాయబడియున్నది. బిడ్డను కొట్టుటయు మనస్సును బాధించుటయు నిషేధము. వీలైనంతవరకు మాతృభాషలో బోధన. బడి మానిన బిడ్డకు వయస్సుకు తగిన తరగతిలో చోటు, ప్రత్యేక శిక్షణ. ఇట్టి చట్టమున్నందుకు దేవునికి స్తోత్రము. కాని చట్టము సాయంకాలము వచ్చి బిడ్డ ప్రక్కన కూర్చుండలేదు. ఆ పనికి మనుష్యుడే కావలెను.

బర్నబా చేసిన పని

మార్కు అను మారుపేరు గల యోహాను పౌలు బర్నబాల వెంట సేవకు బయలుదేరి, పెర్గే అను ఊరినుండి తిరిగి యెరూషలేము చేరెను (అపొస్తలుల కార్యములు 13:13). ఎందుకు తిరిగిపోయెనో లేఖనము చెప్పలేదు. రెండవ ప్రయాణమున అతనిని తీసికొనిపోవుట పౌలుకు ఇష్టము లేదు; నడుమ విడిచిపోయినవాడు గదా అనెను. మన మాటలో చెప్పవలెనన్న, మార్కు తప్పిన విద్యార్థి. బర్నబా మాత్రము అతనిని విడువలేదు. వెంటబెట్టుకొని కుప్రకు వెళ్లెను. సంవత్సరములు గడచిన పిమ్మట చెరసాలనుండి వ్రాసిన పౌలే, మార్కు తన సేవకు పనికివచ్చువాడు, అతనిని తోడుకొని రమ్మని తిమోతిని కోరెను (2 తిమోతి 4:11). అంతేగాక, మార్కు సువార్త వ్రాసినవాడు ఇతడే యని సంఘము మొదటినుండి చెప్పుకొనుచున్నది. బర్నబా ఆనాడు వానిని ప్రక్కకు నెట్టియుండిన, మన చేతిలోని ఆ సువార్త ఏమైయుండునో!

మన దేశపు సంఘచరిత్రలోను ఒక సాక్ష్యమున్నది. దోర్నకల్ అధ్యక్షులైన వి. ఎస్. అజరయ్యగారు, 1912లో ఆంగ్లికన్ సంఘమున బిషపుగా అభిషేకింపబడిన మొదటి భారతీయుడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుచు, చివరి పరీక్షల సమయమున జబ్బుపడుటచేత ఆయన పట్టము పొందలేకపోయెను. తమిళుడైన ఆయన పెద్దవయస్సున తెలుగు నేర్చుకొని తెలుగు పల్లెలలో సేవచేసెను. పట్టము లేనందున దేవుడు ఆయనను ప్రక్కకు పెట్టలేదు.

మనము చేయదగినది

ఇక మన సంఘములకు వత్తము. పెద్ద సొమ్ము అక్కరలేని నాలుగు పనులు చెప్పుదును.

మొదటిది: వారములో మూడు సాయంకాలములు గుడి వరండాలో దీపము పెట్టుడి. తొమ్మిది పది తరగతుల పిల్లలను రెండు మూడు తరగతులవారి ప్రక్కన కూర్చుండబెట్టుడి. పళ్ళెములో ఇసుక పోసినను చాలును. పసుపు త్రవ్వు నెలలలో ఇది మరింత అవసరము. తప్పిన పాఠమును ఆ వారములోనే చెప్పినయెడల మార్చికి కొండ కాదు.

రెండవది: బిడ్డను కొట్టుటకు ముందు, తిట్టుటకు ముందు, పరీక్షింపుడి. నల్లబల్ల కనబడుచున్నదా? చెవి వినబడుచున్నదా? కొందరు బిడ్డలు మాటలో చురుకుగా నుండియు అక్షరమును ధ్వనితో జతచేయుటకు మిక్కిలి కష్టపడుదురు. దానిని డిస్లెక్సియా అందురు. అది సోమరితనము కాదు, తెలివితక్కువ కాదు. 2016నాటి చట్టము దానిని వైకల్యములలో ఒకటిగా గుర్తించినది. అట్టి బిడ్డకు ఓర్పుతో, అక్షరము వెంట అక్షరముగా, మరల మరల నేర్పవలెను. కళ్ళద్దములు పెట్టిన మరునాడే “మొద్దు” చదువరి యగుటయు కలదు.

మూడవది: బిడ్డ ఇంటికి రాగానే “ఎన్ని మార్కులు?” అని గాక, “నేడు ఏది తెలియలేదు?” అని అడుగుడి. తండ్రి గల్ఫు దేశములో నుండి ఫోనులో మాటలాడినను ఆ ప్రశ్నయే వేయవచ్చును. తెలియలేదని చెప్పుటకు భయపడని బిడ్డ త్వరగా నేర్చుకొనును. చదువురాని తల్లియు ఈ ప్రశ్న వేయగలదు. పాఠమును తనకు చెప్పుమని అడుగగలదు. అమ్మకు చెప్పుచు చెప్పుచు బిడ్డయే నేర్చుకొనును. ఫ్రిస్కిన్ నేర్పుచు నేర్చినది అట్లే.

నాలుగవది: బడి పంతులుగారిని శత్రువుగా చూడకుడి. ఒక్కొక్క పంతులు రెండు మూడు తరగతులను ఒక్క గదిలో ఈడ్చుకొని వచ్చుచుండవచ్చును. సంఘపు పెద్దలు వెళ్లి, “మా పిల్లలలో ఎవరు వెనుకబడిరి? సాయంకాలము మేమేమి చేయుదుము?” అని మర్యాదతో అడిగిన, సంతోషముగా చెప్పని పంతులు అరుదు.

ఈ ధ్యానమునకు మూలమైన భాగమును మరల తెరువుడి. ఏశావు నాలుగు వందలమందితో ముందు నడుతునని యాకోబును తొందరపెట్టెను. యాకోబు ఒప్పుకొనలేదు. నా పిల్లలు పసివారు, పాలిచ్చు మందలు నా వెంటనున్నవి, ఒక్కదినము వడిగా తోలినను చచ్చును, కనుక వారి నడకకు తగినట్లు మెల్లగా వచ్చెదననెను. ఆనాటి గొప్పవాని పరివారముతో పోటీపడి నడిచియుండిన, దారిలోనే బిడ్డలను పోగొట్టుకొనియుండును. పొరుగువాని బిడ్డ నడకనుబట్టి మన బిడ్డను తోలు తల్లిదండ్రులు ఈ మాటను ధ్యానింపవలెను. పసుపు ఊరినదో లేదో యని నడుమ నెలలలో పెరికి చూచు రైతు లేడు. నీరు పెట్టి, కలుపు తీసి, కాలము కొరకు కనిపెట్టును.

చివరగా ఒక చిత్రమును మీ కన్నులయెదుట నిలిపెదను. నలుగురి నడుమ నిలువబెట్టబడి, నేరము మోపబడి, రాళ్లు పట్టుకొన్నవారి యెదుట తల వంచుకొన్న ఒక స్త్రీని ప్రభువునొద్దకు తెచ్చిరి. అప్పుడు ఆయన వంగి నేలమీద వ్రేలితో వ్రాసెను (యోహాను 8:6). ఏమి వ్రాసెనో మనకు చెప్పబడలేదు. అయితే ఆయన సిగ్గుపడినదానిని మరింత సిగ్గుపరచలేదు. రాళ్లు వేయవచ్చినవారు వెళ్లిపోయిన తరువాత ఆమెతో మృదువుగా మాటలాడి, కొత్త బ్రతుకునకు పంపెను. తరగతి నడుమ తల వంచుకొని నిలిచిన మన బిడ్డ ప్రక్కన ఈ సాయంకాలము వంగి, ఇసుకలో ఒక్క అక్షరము వ్రాయుటకు మనలో ఎవరు సిద్ధముగా నున్నారు?

ప్రార్థన: చిన్నబిడ్డలను ఎత్తుకొని దీవించిన ప్రభువా, మా యిండ్లలో, మా బడులలో మనస్సు క్రుంగిన బిడ్డలను నీ చేతికి అప్పగించుచున్నాము. తొందరపడి మేమన్న మాటలను క్షమింపుము. వారి నడకకు తగినట్లు నడుచు ఓర్పును, వారి ప్రక్కన కూర్చుండు ప్రేమను మాకు దయచేయుము. ఆమేన్.